అడుగు

ఇల్పో దుకాణానికి రావడం ఇది మూడో శనివారం.
బయట టాంపెరే ట్రామ్ పట్టాల పక్కన
మార్చి మంచు బూడిద రంగుకి తిరిగి కుళ్ళుతోంది.
లోపల నేను, పుచ్చకాయని వేలితో కొట్టి చూసే బేరగత్తెలా
ఒకే స్వరాన్ని ఆంప్ తర్వాత ఆంప్‌లో
కొట్టి చూస్తున్నాను.

"ఇది రెండున్నర కిలోలు" అన్నాడు ఇల్పో
రొట్టెలా అరచేతిలో పెట్టి.
"స్పీకర్ పెట్టె పదకొండు. రెండూ కలిపినా
నీ మనవడంత ఉండవు."
నాకు మనవడు లేడు. నడుములో మాత్రం
నాలుగో పూస, అయిదో పూస విడాకులకి సిద్ధంగా ఉన్నాయి.
పాత పెట్టె నలభై రెండు కిలోలు,
ఉర్హో పోతూ పోతూ వదిలేసింది.
ఇరవై ఆరేళ్ళు ఈ బృందంలో బేస్ వాయించాడతను,
తీగలు ఒక్కసారీ మార్చలేదు.
"మురికిలోనే ఉంది స్వరం" అనేవాడు
సాసేజ్ తిన్న వేళ్ళు తుడుచుకోకుండానే.

కొన్నాను. అప్పు చేసి కొన్నాను.
హాలు మెట్లెక్కి ఒక్క చేత్తో మోసుకెళ్తుంటే
రెండో చెయ్యికి ఏం చెయ్యాలో తోచలేదు.

చెప్పాలంటే మా బృందంలో
కౌకో అకార్డియన్ చూడ్డానికి వస్తారు,
ఐలా గొంతు కోసం వస్తారు,
డ్రమ్స్ మీద రైమో తప్పు కొడితే నవ్వుతారు.
అడుగున ఉన్నదాన్ని ఎవరూ అడగరు.
టాయిలెట్ ఎటు అని మాత్రం నన్నే అడుగుతారు,
పక్కగా, తలుపు దగ్గర, చీకట్లో నిలబడతాను కనక.

ఆ రాత్రి మొదటి టాంగో.
ప్రతి స్వరం విడివిడిగా
ఉతికి ఆరేసినట్టుంది.
నాకే ముచ్చటేసింది. రెండో పాటకి
పెట్టె పక్కన సేవెరి వచ్చి నిలబడ్డాడు.

బాయిలర్ల కర్మాగారంలో రేకులు సాగగొట్టి సాగగొట్టి
చెవులు అక్కడే వదిలేసి వచ్చినవాడు.
ప్రతి శనివారం ముందు పెట్టె మీద అరచెయ్యి ఆనించి
నాడి చూసినట్టు కాసేపుండి,
అదే చెయ్యి, ఆ వణుకు ఆరకముందే,
తీసుకెళ్ళి భార్య హెల్లిన్ నడుం మీద పెట్టేవాడు.
ఒక్క అడుగు తప్పేది కాదు.
గోడ గడియారంలా నాకతను అలవాటు.
ఎందుకలా అని ఏనాడూ అనుకోలేదు.

చెయ్యి ఆనించాడు. తీశాడు. మళ్ళీ ఆనించాడు.
వంగి బూటు విప్పి, మేజోడు కాలు
చెక్క నేల మీద పెట్టి చూశాడు.
నా వైపు తిరిగాడు,
పదేళ్ళలో ఆ హాల్లో నా కళ్ళలోకి చూసిన మొదటి మనిషి.
తల అడ్డంగా ఊపాడు
కొట్లో చేప తాజాగా లేదన్నట్టు.
వెళ్ళి కోటు తొడుక్కున్నాడు.
హెల్లిన్ తన కోటు
చాలాసేపు ఒళ్ళోనే పెట్టుకుంది.

మీట తిప్పాను, ఇంకా తిప్పాను.
గ్లాసులు వణికాయి, కౌకో కళ్ళెర్ర చేశాడు.
శబ్దం పెద్దదయింది.
కిందికి దిగలేదు.

ఆదివారం ఇల్పో ఇంటి తలుపు కొట్టాను.
"పాడైందా?"
"లేదు. చెవులకి చాలా బాగుంది."
అతనికి అర్థం కాలేదు. కాఫీ పోశాడు.

ఆ పై శనివారం రైమో ఒక పక్క, నేనో పక్క,
ఉర్హో పెట్టెని మెట్టు మెట్టుకీ దించి, తిట్టి, ఎత్తాం.
బేస్ మెడ మీద ఇరవై మెట్లు,
వేళ్ళతో ఎక్కేవి. ఇవి పద్నాలుగు.
నడుముకి ఉన్ని పట్టీ, పంటి కింద బూతు.

సేవెరి వచ్చాడు. చెయ్యి ఆనించాడు.
నా వైపు చూడను కూడా లేదు.
నేల మా పాదాల కింద
నిద్రలో ఒత్తిగిలిన పశువులా కదిలింది,
అతను హెల్లిన్ దగ్గరికి నడిచాడు.

కొత్త ఆంప్‌కి ఇంకా పదిహేడు వాయిదాలున్నాయి.
వంటింట్లో దాని మీద పూలకుండీ పెట్టాను.

మూడో పాట మధ్యలో ఎవరో వచ్చి
టాయిలెట్ ఎటని అడిగారు.
తీగ మీంచి వేలెత్తకుండా
గడ్డంతో చూపించాను.