క్లీనరు పని

పందొమ్మిదేళ్లు నా పని ఒకటే:
యలమందన్నను నిద్రపోనీకుండా చూడటం.

చీమకుర్తి క్వారీలో రాయెత్తుకుని
కృష్ణపట్నం రేవుకు పొయ్యే బండి మాది.
రాత్రి రెండింటికి, కావలి దాటాక,
ఆయన గడ్డం స్టీరింగు మీదికి వాలబోతే
తొడ మీద గిల్లేవాణ్ణి,
మొహాన నీళ్లు కొట్టేవాణ్ణి,
మా మేనత్త మొగుడి రెండో పెళ్లి కథ
చెప్పిందే చెప్పేవాణ్ణి.
"మాట్లాడతా వుండరా మస్తానూ,
నువ్వు నోరు మూస్తే ఇద్దరం పోతాం."

ఇప్పుడు ఆయన్ను నిద్రపుచ్చడానికి
తొమ్మిదింటికి సైకిలేసుకుని వస్తా.
పగలు సింగరమ్మొదినె, రాత్రి నేను.
డ్యూటీ మారింది, డ్రైవరు మారలా.

మెదడు అరిగిపోతా వుందని
ఒంగోలు డాక్టరమ్మ ఫిల్ము ఎత్తి చూపించింది.
నాకు దాంట్లో నల్లరాయే కనపడింది,
మెరుపు చుక్కలు రాలిపోయిన పలక.
తగ్గేది కాదు,
రాత్రుళ్లు కాస్త తేలిక చేసుకోవచ్చు, అన్నది.
పొద్దున్నే ఎండలో కూర్చోబెట్టమంది,
మధ్యాహ్నం కునుకు అరగంటే అంది,
మూడు దాటాక టీ వద్దంది.
టీ లేకుండా డ్రైవరేందమ్మా అని నేను నవ్వా.
ఆమె నవ్వలా.

మంచం తీసేసి నేల మీద పరుపేశాం,
కలలో ఆయన బండి తోల్తాడు గదా.
కాలు ఎగిరి బ్రేకు మీద పడుద్ది,
మోచెయ్యి తిరిగిందంటే గేరే.
పోయిన శ్రావణంలో నా పెదవి చిట్లింది.
తెల్లారి చూసి
"ఎవడ్రా కొట్టింది, చూపించు వాణ్ణి" అని
చొక్కా చేతులు పైకి మడిచాడు.

దీపాలేసే వేళ అసలు కష్టం.
"లోడు ఆలస్యమైంది, తాళాలేవిరా?"
బండి అమ్మేశావన్నా, ఆరేళ్లయింది, అనేవాణ్ణి మొదట్లో.
ప్రతిసారీ కొత్తగా విన్నాడు,
ప్రతిసారీ అప్పుడే పోయినట్టు ఏడ్చాడు.
నిజం చెప్పటం మానేశా.
టంగుటూరు దగ్గర రోడ్డు బందన్నా,
వదిల్తే పోదాం, అంటా.
కూర్చుంటాడు.

ఫ్యాను ఆపను. ఇంజను నడవాలి.
బాత్రూము దారిలో చిన్న ఎర్రలైటు బిగించా,
ముందు బండి వెనకే పోయినట్టు
దాని వెనకే పోతాడు.

"యాడున్నాం?"
ఉలవపాడన్నా.
"మామిడికాయలు పెట్టారా?"
ఇంకా కాపు రాలా.
"పెన్న దాటామా?"
దాటతన్నాం. నీళ్లు తక్కువున్నాయి.

పనిచెయ్యని రాత్రులూ వున్నాయి.
మొన్న నాలుగింటిదాకా
తాళాల కోసం బియ్యం డబ్బా తోడాడు.
నేనూ తోడా. ఒదినె లేచొచ్చి
ఇద్దర్నీ చూసి, ఏమనకుండా
చాప మీద బియ్యం ఎత్తుకుంది.

ఒకోసారి గది మధ్యలో నిలబడిపోతాడు,
పరుపు యాడుందో తెలియదు, కాలు లేవదు.
అప్పుడు వెనక్కి పోయి
నడుం మీద రెండు చేతులేసి పట్టుకుంటా.
రానీ… రానీ…
ఎడమకు కొట్టు… కొంచెం… రానీ…
ఒక్కో అడుగే వెనక్కొస్తాడు,
అద్దంలో చూసుకుంటా.
చాలన్నా.
బండి బాడీ మీద కొట్టినట్టు
భుజం మీద రెండు దెబ్బలు.
కూలబడి, గాలిలో హ్యాండుబ్రేకు లాగి,
"గంట పడుకుంటా, లేపరా" అంటాడు.
లేపుతాలే, అంటా.
పందొమ్మిదేళ్లు తప్పని ఆ మాట
ఇప్పుడు రోజూ తప్పుతున్నా.

ఏడింటికి ఒదినె ఆయన కుర్చీ
ఎండలోకి జరుపుద్ది.
నేను సైకిలెక్కుతా.
క్వారీ రోడ్డు మలుపు రాకముందే
రెప్పలు బరువెక్కుతాయి.
తొడ నేనే గిల్లుకుంటా.