సున్నా నుంచి

హార్బరులో ఇనప నిచ్చెన చివరి మెట్టు మీద కూచుని
పద్దెనిమిదేళ్లు నీటిమట్టం రాశాను.
పోటుకి ఒక అంకె, పాటుకి ఒక అంకె,
తుపాను రాత్రి టార్చి చంకలో ఇరికించుకుని మరో అంకె.
అన్నీ కూడి భాగిస్తే తేలేదే సున్నా.
పై ఆఫీసు వాళ్లు దాని మీదే
కొండలన్నిటినీ నిలబెడతారు.

రిటైరయ్యే ఏడు, ఒక్కదాన్నైనా చూద్దామని బయల్దేరాను.
మ్యాపులో దానికి పేరు లేదు.
ఒక నల్లటి త్రిభుజం, పక్కన 1493,
చుట్టూ వేలిముద్రలా ఒత్తుగా గోధుమరంగు గీతలు.

పాడేరు దాటి జీపు ఇక పోనన్న చోటినుంచి
గెమ్మెలి బుద్రి ముందు నడిచింది,
నిప్పు నోట్లోకి తిప్పి అడ్డపొగ పీలుస్తూ.
ఎంత దూరమంటే "రెండు చుట్టలు" అంది.
మూడు కాలాయి.
మూడోది నేను కూలబడ్డ చోట్ల కాలింది.

మ్యాపులో గీతకీ గీతకీ మధ్య ఇరవై మీటర్లు.
ఆ తెల్లకాగితం సందులో
వంతెన లేని గెడ్డ ఉంది,
ఎలుగు గోళ్లు గీరిన ఇప్పచెట్టు ఉంది,
పూతకొచ్చిన వలిసె చేను, దానికి కాపలాగా
పాత చొక్కా తొడుక్కున్న ఒక కర్ర.
ఆ పైన అడవి ఆగిపోయింది. గడ్డి, గాలి,
కాలికింద తుప్పురంగు రాయి.
పగలగొట్టి చూస్తే లోపల దానిమ్మగింజల్లాంటి చుక్కలు.
ఈ రాయిని నేనెరుగుదును.
మా డాల్ఫిన్స్ నోస్ కింద కెరటాలు కొట్టేది దీన్నే.

శిఖరం బల్లపరుపు. మధ్యలో సర్వే రాయి,
ఉలితో కొట్టిన బాణం గుర్తు.
బుద్రి దానిమీద నీళ్లు చిలకరించి
కత్తి నూరుకుంది.

చినుకు మొదలైంది.
"ఇటేపు పడ్డది మీ దిక్కుకి దిగిపోద్ది.
అటేపుది యెటెల్తాదో మాకు తెల్దు."
నాకు తెలుసు. వేలితో గాలిలో గీశాను:
మత్స్యగెడ్డ, సీలేరు, శబరి, గోదావరి,
అన్ని జిల్లాలు తిరిగి మళ్లీ అదే సముద్రం.
ఏ ఎండాకాలమో ఒడ్డు వెంట పైకి జరిగి
నా నిచ్చెన మెట్టుకి తగిలే ఉంటుంది,
నేను దాన్నీ రాసే ఉంటాను.

"సముద్రం ఊరికే ఉండదంట గదా బాబూ,
కదిలేదాని మీంచి కొలుత్తారా
కదలనిదాన్ని?"

పద్దెనిమిదేళ్ల సరాసరి, అన్నాను.
ముక్కులోంచి పొగొచ్చేలా నవ్వింది.

అంతలో లోయ కనపడ్డం మానేసింది.
తెల్లగా, చప్పుడు లేకుండా, వలిసె చేను మునిగింది,
ఇప్పచెట్టు మునిగింది, మేం ఎక్కొచ్చిన బాట మునిగింది.
దిగుదాం రమ్మని ఆవిడ కేకేస్తున్నా
అలవాటు చొప్పున వాచీ చూసి
జేబులోని పుస్తకంలో రాశాను:

11-40. మబ్బు మోకాలిదాకా.
పోటు మీదుంది.