నీళ్లలో గుర్రం

మడివాళ చెరువు వెనక వీధిలో మా పీజీ.
పైన నీళ్ల ట్యాంకు పక్కన
రేకుల గది వంట మునెమ్మది.
ఆమె కొడుకు యుగంధర్
కాలేజీ వదిలాక రాత్రి పదింటి దాకా
సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో
ఎవరెవరి బిర్యానీలో మోస్తాడు.

జూన్‌లో ఒకరోజు మెట్ల మీద ఎదురై
తడి చేత్తో ఫోను చూపించాడు.
"బుక్ చేసేసినానక్కా!
నాలుగువేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది.
ముందే కట్టినోళ్లకి
గుర్రానికి బంగారు జీను ఊరికే ఇస్తారంట."
ఆట రావడానికి ఇంకా ఐదు నెలలు.

నేను నవ్వాను.
నేను సంతకం పెట్టిన కాగితం
నవ్వడానికి మాత్రం అడ్డు చెప్పదు.

ఆ గుర్రం నాకు తెలుసు.
మారతహళ్లిలో ఒక మేడ ఆరో అంతస్తు,
కర్టెన్లు తీయని గది,
పొద్దస్తమానం దాన్ని తోలేది నేనే.
రాతి వంతెన మూడో కమాను దగ్గర
ఎడమ డెక్క మోపగానే
నేల ఉన్నట్టే ఉండి, ఉండదు.
గుర్రం, మనిషి, జీను
నదిలోకి,
నది అడుగులోకి,
అడుగు కింద ఇంకా ఎవరూ గీయని చోటికి.
నేను రాసిన తప్పు నంబరు నాలుగువేల నూట పదిహేడు.
దాని ఎదురుగా పైవాళ్లు పెట్టిన మాట: తెలిసిందే.

మా మేనత్త మదనపల్లె సంతలో పశువుల బేరగత్తె.
"బర్రె నీళ్లల్లో ఉండంగా బేరమాడేవాడు
బర్రెను కొనడు, నీళ్లను కొంటాడు" అనేది.
గట్టుకెక్కించాలి, నడిపించాలి,
పళ్లు లెక్కపెట్టాలి, అప్పుడు సంచి విప్పాలి.
ఈ పిల్లోడు సంచి విప్పే నాటికి
ఆ నదిలో నీళ్లకు రంగు కూడా వేయలేదు.

ఆగస్టులో ఆఫీసులో కేకు కోశారు.
ముందస్తు బుకింగులు అనుకున్నదానికి రెట్టింపట.
క్రీము అంటిన వేళ్లతో మేనేజరు తేదీని చుట్టాడు,
ఎర్ర రంగుతో, రెండుసార్లు.
డబ్బు వచ్చేసింది గనక తేదీ జరగదు.
తేదీ జరగదు గనక గుర్రం మునుగుతుంది.

అదే రోజు సాయంత్రం ఇంకో మాట.
ఆ అంకె చూపించే
మా పదిహేడు మందిని ఇంకో మూడు నెలలు ఉంచారు.
ఆ జీతంతోనే పీజీ బాడుగ కట్టాను.
బాడుగలోంచి ఓనరు మునెమ్మకిచ్చాడు.
మునెమ్మ కొడుకు బండికి పెట్రోలు పోయించింది.
ఆ నోటు ఎవరి జేబులోంచి బయల్దేరిందో
రాత్రి చపాతీ తుంచుతూ లెక్కేశాను,
తేలలేదు. పప్పులో ఉప్పెక్కువైంది.

నవంబరు. వాన.
పీజీ వైఫై మొత్తం ఒక్కడే తాగేశాడని
మూడో అంతస్తు అమ్మాయిలు తిట్టారు.
ఎస్పీ రోడ్డులో కొన్న పాత కంప్యూటరు
రేకుల గదిలో ఆయాసపడుతోంది.
తెల్లారుజామున తలుపు కొట్టి పిలిచాడు.
వెళ్లాను. కాళ్లు మాత్రం
వెనక్కే ఉండిపోయినట్టుంది.

బంగారు జీను ధగధగ.
మొదటి కమాను.
రెండోది.
"ఆపు" అని నోటి దాకా వచ్చింది.
కాగితం గుర్తొచ్చింది.

మునిగింది.

వాడు తిడతాడనుకున్నాను.
మౌస్ వదిలేసి తెరకు దగ్గరగా జరిగాడు.
పడుతూనే ఉంది గుర్రం.
పైన నది అడుగు, ఒక నీలం గాజుపెంకు.
ఇంకా పైన, తలకిందులుగా, పట్నం దీపాలు.
"ఇది కూడా వాళ్లే పెట్టినారా అక్కా?
బలే ఉందే."

రెండువందల సార్లు పడ్డాను నేను అక్కడ.
ఒక్కసారీ తల ఎత్తలేదు,
నంబరు రాసుకునే తొందరలో.

"పదకొండు రోజుల్లో సరిచేస్తారంట," అన్నాడు తర్వాత
ఎక్కడో చదివి. "అప్పటికి రేటు కూడా తగ్గుతాది."
గొంతులో కోపం ఉందో లేదో పట్టుకోలేకపోయాను.
"నీకు ఆటల ఆఫీసే కదా, ఇట్లాంటివి
నీకు ముందే తెలిసుంటాయా?"

మునెమ్మ టీ తెచ్చింది.
రేకు మీద వాన పెద్దదైంది.
వినపడనట్టు గ్లాసు అందుకున్నాను.
తెర మీద గుర్రం
ఇంకా కిందికి పోతూనే ఉంది.