మోకాళ్ల మధ్య దారి

క్లాక్స్‌విక్ రేవులో రాత్రి రెండు దాటింది.
శీతల గిడ్డంగి వెనకగదిలో
నేనూ, ట్రోందుర్ పెద్దాయనా,
అట్టపెట్టెలోంచి అప్పుడే తీసిన ఓ ఇనప కాపలాదారూ.
నాలుగింటికి మాకెరల్ పడవలొస్తాయి.
అందాకే తీగలు విప్పుకోమని మాకిచ్చిన గడువు.

పోయినేడాది ఎవరో, ఎక్కడో కూర్చుని
మా కంప్రెసర్లను నిద్రపొమ్మన్నారు.
అవి నిద్రపోయాయి.
మూడోనాటికి ఊరంతా ముక్కు మూసుకుంది.
అప్పుడూ మాకో నిఘా ఉండేది,
స్విచ్చి పక్కన కూర్చుని
వెళ్లేవాటి నకళ్లు చదువుకునేది.
అరిచింది, నిజమే.
దొంగలు పడ్డ ఆర్నెల్లకు కాదు, ఆరు నిమిషాలకు.
వాళ్లకి నాలుగు చాలాయి.

"ఈసారి దారికి అడ్డంగా నిలబెట్టు రన్వా," అన్నాడు ట్రోందుర్.

మొదట దాని నోటికి చిరునామా:
మాతో మాట్లాడ్డానికి ఒక పోర్టు, దానికి అంకెలు,
ఎవరు తలుపు తట్టొచ్చో చిన్న జాబితా
(నా యంత్రం, ఆయన యంత్రం, అంతే).
చూసే కళ్లు నాలుగింటికీ ఏ అంకే లేదు.
ఊరూ పేరూ లేనివాణ్ని
ఎవడు వెతుక్కుంటూ వస్తాడు?

రెండు కళ్లని జంట కట్టాను.
ఒకదాంట్లో దూరింది రెండోదాంట్లోంచే బయటపడాలి.
ఆ మాట నచ్చిందాయనకి.
థర్మాస్ మూతలోకి కాఫీ ఒంపుకుంటూ:
"అక్టోబరులో గొర్రెల్ని కొండ దించుతాం చూడు,
రాతిదొడ్డి మూతి దగ్గర
మా అన్న కాళ్లు ఎడంగా పెట్టి నిలబడేవాడు.
ప్రతి గొర్రే ఆ మోకాళ్ల మధ్యనుంచే పోవాలి.
చెవి కోత చూసేవాడు. మనది కాదా,
అక్కడే మెడ పట్టేవాడు.
గుట్టమీద దుర్భిణి పెట్టుకున్నవాడికి
లెక్క ఒక్కటే తెలుస్తుంది."

తీగలు బిగించాం. లింకు కుంటింది.
కంప్రెసర్ గదిలోని పాత స్విచ్చి
ఎవరో ఎప్పుడో వందకి మేకు కొట్టి పెట్టారు,
చెబుతూనే వినమని.
మా పెట్టె దాని జవాబుకోసం చూసి చూసి
ఒకరు మాట్లాడితే ఒకరు ఆగే పద్ధతికి దిగిపోయింది.
పెళ్లయిన కొత్తలో నేనూ సీమున్ ఇంతే, అనబోయి ఊరుకున్నాను.
రెండు కొసలకీ ఒకే మాట రాశాను.

ఇక అన్నీ పచ్చదీపాలే.
మూడూ పది. ట్రోందుర్ కోటు తొడుక్కుంటున్నాడు.
ఎందుకైనా మంచిదని
దొంగ వేషం కట్టిన ఓ ఉత్తుత్తి ప్యాకెట్ పంపాను.
దర్జాగా నడిచెళ్లింది.
మళ్లీ పంపాను. మళ్లీ అంతే.
జంట కట్టానుగానీ
ఆ జంటని చూసే బుర్రకి అప్పగించనే లేదు.
బొమ్మకి గీసిన కళ్లు!
ఒక్క వరుస రాశాను.
మూడోసారి పంపింది అటు చేరలేదు.
ఒక రాకపోవడం ఇంత అందంగా ఉంటుందని
నాకు తెలీదు.

మిగిలిందొక ప్రశ్న, తెర అట్టడుగున,
తొందరలో ఎవరూ చదవని చోట:
కాపలావాడే కూలిపోతే
తలుపు తీసి ఉంచాలా, మూసెయ్యాలా?
నా వేలు మూసెయ్యడం మీదే ఉంది.
ఆ కంపు ఇంకా నా కోటులోంచి పోలేదు.

కాఫీ మూత బిగిస్తున్న చెయ్యి ఆగింది.
"ఓ ఏడు అన్న తడిరాయి మీద జారాడు.
మూతికి అడ్డంపడ్డాడు.
వెనక కుక్కలు తరుముతూనే ఉన్నాయి.
ఒకదానిమీద ఒకటెక్కి
పదకొండు గొర్రెలు ఊపిరాడక చచ్చాయి.
పరాయిది ఒక్కటీ లేదు వాటిలో."

కంప్రెసర్లు గోడవతల గురక పెడుతున్నాయి.
వేలు జరిపాను: పడితే తెరుచుకో, లేస్తే మూసుకో.
తెరుచుకున్న ప్రతిసారీ, ఏ జామైనా సరే,
నా ఫోను మోగేలా ఇంకో వరుస.
సీమున్ తిట్టుకుంటాడు. తిట్టుకోనీ.

రేవులో మొదటి పడవ కూత.
జంట కళ్లమీద అంకెలు కదిలాయి,
ఒకటి, మూడు, నలభై, నాలుగొందలు,
చెవి చూసి, వదిలి,
చెవి చూసి.