మొదటి లాడం

మిరుగుకు మూడు దినాల ముందు పడ్డ వాన
మామునూరు పాత గాలిమోటరు మైదానం పక్క
పడావు భూమిని మడిమె దిగేటంత మెత్తగ చేసి పోయింది.
తెల్లారకముందే పది పిల్లగుర్రాలు చేరినయి,
తొమ్మిది డీసీఎం వ్యానుల్ల, ఒకటి నడిచి.
నడిచిన దాన్ని నేనే తోలుకొచ్చిన
రంగశాయిపేట నుంచి,
నేను కొట్టిన లాడాల మీద.
దాని బతుకుల మొదటి లాడాలవి,
ఇరవై రోజులవి.

జనం చూస్తున్రు.
చూసుడంటే ఒక్కటేనా?
కరీమాబాద్ తోలువ్యాపారి సుడులు చూస్తడు:
గొంతుకింద దేవమణి ఉంటే ఇల్లు లేస్తదట,
కన్నీరు జారేకాడ సుడి ఉంటే
కట్టేసుకున్నోడు ఏడుస్తడట.
పరకాల పశువుల డాక్టరు టేపు తెచ్చిండు,
మూపు కొలిచి, ఛాతీ కొలిచి,
చిట్టి పుస్తకంల రాసుకొని ఎవలకు చూపడు.
హసన్‌పర్తి పిలగాడు ఫోన్ల తాతల పేర్లు లెంకుతుండు,
పుణెల కప్పు గెలిచిన తాత ఒకటి దొరికింది వానికి.

ఓదెలు మాత్రం నా మొకం చూస్తుండు.
పెండ్లి బరాతులకు నాలుగు గుర్రాలు తిప్పేటోడు,
బ్యాండుకు బెదరకుంటే చాలు,
ఇంకేం అడగనోడు.
ఈ పిల్ల బెదురుతది.
బాకా మోగితే వరుని తలపాగ గోడ అవతల పడుతది.
అమ్మాల్నా, ఉరికియ్యాల్నా?
నెల నుంచి వానికి నిద్ర లేదు.

మా చిచ్చా జిలానీ కాజీపేట టాంగాల కాలం నాల్‌బంద్.
"నూనె రాస్తే ఏ గుర్రమైనా మెరుస్తది బేటా,
గిట్టను విను.
నాలుగు కాళ్లకు ఐదో చప్పుడు వచ్చిందంటే
యాడనో ఒక కీలు అబద్ధమాడుతుంది" అంటుండె.
ఆఖరి పదేండ్లు చెవులు పోయినయి ఆయనకు.
అయినా గుర్రమొస్తే వంగి
నేలకు అరచెయ్యి ఆనిచ్చేటోడు.

జెండా లేదు. ఎవలో ఎర్ర తువ్వాల ఎగరేసిన్రు.
తొమ్మిది ఉరికినయి.
మాది తువ్వాలను చూసుకుంట నిలబడ్డది.

తరువాత కదిలింది.
ఎట్ల కదిలిందో ఎన్నిమాట్ల చెప్పినా కుదరదు నాకు.
నాలుగు అంగలు వంకరగ,
ఐదో అంగకు ఏదో యాదికొచ్చినట్టు
నడుము కిందికి జారింది, మెడ పొడుగైంది,
దాని మీది సోమ్లా నాయక్ కొడుకు
జూలుల మొకం దాసుకున్నడు.
నేను కండ్లు మూసుకున్న.
తడినేల మీద
నాలుగే చప్పుళ్లు.
నాలుగే.

పదింటిల ఏడోది వచ్చింది.
గెలిచింది టేపు చెప్పింది కాదు, దేవమణిదీ కాదు.
పుణె తాత మనుమడు నడుమ ఆగి గడ్డి కొరికిండు.
ఎవలూ తిరిగి చూడని బూడిదరంగు బక్కది గెలిచింది.
దాని ఆసామి చాయ్‌కి పోయి చూడనే లేదు,
ఇంకోసారి ఉరికియ్యుమని అందరి కాళ్లు పట్టుకుంటుండు.

"ఏమంటవ్ ఫయాజూ?" అన్నడు ఓదెలు, గొంతు ఎండి.
నేను వెనక కాలు తొడమీదికి ఎత్తుకొని
ఆరు మేకులు ఊడబీకి లాడం వాని చేతుల పెట్టిన.
వేలు పెట్టి తడుమన్న.
కొస అరిగింది, రెండు దిక్కులా సరిసమానంగ.
మడిమెల కాడ ఇంకా దుకాణంల మెరుపే.
"ఇదేం చెప్తది?"
"ఇరవై రోజులు ఎట్ల నడిచిందో చెప్తది.
రేపటిది ఇనుముకు తెల్వదు."

అప్పటిదాంక నా తువ్వాల నములుతుంది పిల్ల.
గుంజితే అంచుకు నెత్తురు చుక్క.
పెదవి లేపి చూసిన.
ముందటి పాలపన్ను, వేలుతో తాకితే ఊగుతుంది.
ఓదెలుకు చూపెట్టలేదు. ఎందుకో.

మేకులు నిండుకున్నయి. కొత్త లాడం ఇంటికాడ్నే.
తారురోడ్డు దిగి మొరం బాట పట్టినం,
బొడ్ల లాడం చెక్కుకొని ఓదెలు, నడుమ పిల్ల, వెనక నేను.
మూడు గిట్టలు గట్టిగ,
నాలుగోది, లాడం లేనిది, మట్టి మాట్లాడినట్టు.
కొంచెం దూరం పోయినంక
ఓదెలు ముచ్చట ఆపిండు,
తల ఒక పక్కకు వంచిండు.