మలుపు తిరగని అట్ట

ఇరవయ్యారేళ్ళు బ్రనోలో ట్రామ్ నడిపినవాణ్ణి.
ఎంత మలుపులో ఎంత బండి పడుతుందో
నా అరికాలికి తెలుసు.

అందుకే దుకాణంలో
మొదటి ప్రింటర్ ముందు గొంతుక్కూచుని
కింది అర లాగి చూశాను.
కాగితం ముందునుంచి లోపలికెళ్ళి
వెనక గోడ దాకా పోయి
బొక్కబోర్లా తిరిగి
మళ్ళీ ముందుకే రావాలట.
డిపో చివర ఉండే లూపు లాంటిదే,
కాకపోతే పిడికిలంత.

జేబులోంచి నా అట్టముక్క తీశాను.
రెండొందల యాభై గ్రాములది,
వేలితో మీటితే టక్కుమంటుంది.
"ఇది తిరుగుతుందా ఇందులో?"
రొమ్ము మీద క్రిష్టోఫ్ అని పేరు తగిలించుకున్న కుర్రాడు
"ఫోటో కాగితాలే లాగేస్తుందండీ" అన్నాడు.
ఫోటో కాగితం వేరు నాయనా,
దానికి ఇంత మొండితనం ఉండదు.

పెట్టి చూశాం.
లోపలెక్కడో పళ్ళు కొరికిన చప్పుడు.
ఎర్ర దీపం.
ఇద్దరం చెరో పక్కా పట్టి లాగితే
మూల నలిగి, నడుమ విరిగి వచ్చింది.

ఎందుకింత పట్టుదల అన్నాడు.
చెప్పాను.
నేను మొదట నడిపిన ఎర్ర బండిని
ముప్పై అయిదో వంతుకి కుదించి గీసుకున్నాను.
పక్కగోడ నలభై సెంటీమీటర్లు.
ఇంట్లో ఉన్న చిన్న ప్రింటర్‌కి అంత నోరు లేదు,
నాలుగో కిటికీ దగ్గర కోసి అతకాలి.
జిగురు ఎంత పల్చగా రాసినా
అక్కడ వెలుగు విరుగుతుంది.
ఏడు ట్రాములు చేశాను.
ఏడింటికీ ఒకేచోట ఆపరేషన్ మచ్చ.

రెండో దానికి వెనకనుంచి తిన్నని దారి ఉంది.
అచ్చు కూడా బాగానే పడింది.
తడి చేసిన బొటనవేలితో రుద్దాను,
ఎరుపు వెళ్ళి మీగడ రంగులో పడుకుంది.
జిగురు చేతులతో బతికేవాడికి
ఆ సిరా పనికిరాదు.
మూడోది చుట్ట కాగితం మింగే రాక్షసి.
అది మా వంటింటి గుమ్మం దాటాలంటే
గుమ్మమే తీసేయాలి.

అప్పటిదాకా నోరు విప్పని ద్రహోమీరా
సంచిలోంచి కుట్టుపని టేపు తీసింది.
నాలుగో దాని ముందు నిలబడి అడిగింది:
"మూసినప్పటి కొలతలు రాశారు బాగుంది.
ఇది నిద్రపోయేటప్పుడు కాదు,
పని చేసేటప్పుడు ఎంత?"
కుర్రాడు వెనక పళ్ళెం ఎత్తాడు, ముందు పళ్ళెం లాగాడు.
ఆవిడ కొలిచింది, పెదాలు కదిపి ఏదో కలుపుకుంది.
"కంబళి కోటు కుట్టేటప్పుడు
నేను మిషన్ పాదం కాస్త ఎత్తుతాను.
దీని పాదం ఎక్కడ ఎత్తాలి?"

క్రిష్టోఫ్ బుర్ర గోక్కున్నాడు.
తెర మీద ఒకటి నొక్కి, ఇంకోటి నొక్కి
మూడు గదులు దాటాక దొరికింది:
మందం కాగితం.
లోపల ఏదో వెంట్రుకవాసి పైకి లేచింది.

నా అట్ట వెనక గాడిలోకి దిగింది.
ఎక్కడా వంగలేదు, ఎవరికీ దణ్ణం పెట్టలేదు.
పొగమంచులోంచి ఆఖరి ట్రిప్పు వచ్చినట్టు
మెల్లగా, నిటారుగా వచ్చింది.
తడి వేలితో మళ్ళీ రుద్దాను.
కదల్లేదు.

ధర విన్నాక
కొత్త కళ్ళజోడు వచ్చే ఏడాదికి జరిగింది.
ఆవిడ కుట్టుమిషన్ కిటికీ వైపు రెండు జానలు జరిగింది.
"జరిగింది, పోలేదు, గుర్తుంచుకో" అంది.

ఆ రాత్రి మొదటి పక్కగోడ అచ్చు వేశాను.
పన్నెండు నిమిషాలు.
ఇద్దరం పులుసు చల్లారబెట్టుకుని చూశాం.
అంతా ఒక్కటే ముక్క.
నా బొటనవేలు మాత్రం అలవాటుగా
నాలుగో కిటికీ దగ్గరికి వెళ్ళి
లేని అతుకు కోసం
కాసేపు తడుముకుంది.

రెండో పక్కగోడ సగంలో ఎరుపు అయిపోయింది.
వెనక తలుపు పాలిపోయి వచ్చింది,
జ్వరం తగిలిన మనిషిలా.
ఆ సీసా ధర ఎంతని అడగలేదు కదా దుకాణంలో
అనుకుంటుంటే
ద్రహోమీరా ఆ అట్ట తీసుకుని
గోడకి సూదితో గుచ్చింది.
"ఉండనీ. ఆ తలుపెప్పుడూ
సరిగా పడేది కాదన్నావుగా."