వంతెనకు ఈ కొస

మాలన్‌విల్‌లో నా కిటికీ నుంచి చూస్తే
నైజర్ నది అంత వెడల్పేం కాదు.
అవతల గాయాలో మేక అరిస్తే
ఇవతల పిల్ల తల తిప్పుతుంది.

పదకొండేళ్లుగా నా పని ముద్ర కొట్టడం.
కూటమి దేశాల పాస్‌పోర్టులు ఒకే ఆకుపచ్చ,
అట్ట చూసి ఎవరు ఎవరో చెప్పలేం.
బిబాటా ఉల్లి బస్తాలతో పొద్దున్నే దిగేది.
"ఇస్సిఫూ, నా మొగుడి మొహం కన్నా
నీ రబ్బరు ముద్రే ఎక్కువ చూశాను" అనేది.
ఒక ఉల్లిపాయ బల్ల మీద వదిలి వెళ్లేది.
లంచమా?
రిజిస్టర్లో దానికి గడి లేదు.

నియామేలో సైనికులు కుర్చీ లాక్కున్నారు.
ఎవరిదో రాజధానిలో పెద్దమనుషులు కూర్చుని
సరిహద్దు మూయమన్నారు.
తీర్మానం తప్పని నేననను.
ఉమ్మడి ఇంట్లో ఒకడు గొడ్డలి తీస్తే
మిగతావాళ్లు తలుపు వేసుకుంటారు.
కానీ గడియ పెట్టే చెయ్యి నాదయింది.

మా బెనిన్ ఎంతని?
పటంలో నిలబెట్టిన తాళంచెవి.
కింద సముద్రం, పైన ఈ నది,
పక్కన నైజీరియా గేటు దించితే
మా బజారుకు మాట పడిపోతుంది.
ఇచ్చిన మాట నిలబెడితే నలుగురిలో పరువు.
నిలబెడితే ఈ ఒడ్డున పొయ్యి ఆరుతుంది.
ముద్ర సొరుగులో పెట్టి తాళం వేశాను.

నాలుగో రోజు బిబాటా ఫోన్:
"ఉల్లి మొలకెత్తుతోంది."
స్వేచ్ఛగా రాకపోకలు, అన్న అధ్యాయం
ఉద్యోగం పరీక్షకు బట్టీ పట్టాను,
ఇప్పటికీ కామాలతో సహా వచ్చు.
ఆమెకు ఒక్క ముక్కా అప్పజెప్పలేదు.

రాత్రి లాంతర్లు లేని దోనెలు కదిలాయి.
తెడ్డు నీళ్లలో మునిగే చప్పుడు బట్టి
మా మేనమామ సెయ్నిని పోల్చుకోగలను,
ఎడమ భుజం నొప్పి, రెండు దెబ్బలకొకసారి ఆగుతాడు.
ఆగాడు.
నేను లేచి, టార్చి పట్టుకుని వెళ్లాలి.
టీ పెట్టుకున్నాను. చక్కెర వేయడం మరిచాను.

వాళ్లు వేరుపడ్డారని తర్వాతెప్పుడో రేడియో చెప్పింది.
కూటమిలో ఒక కుర్చీ తీసేశారట,
అట్టల రంగూ మారుతుందట.
నదిని ఎలా పంచుకున్నారో చెప్పలేదు.

ఆ టీ తాగిన తెల్లవారి సంగతి మాత్రం
ఎవరికీ చెప్పలేదు:
కిటికీ గట్టు మీద తడి ఉల్లిపాయ,
నెత్తిన వేలెడు పచ్చటి మొలక.
పైఅధికారి వచ్చి, ఇదేమిటన్నాడు.
కూరకు సార్, అన్నాను.
ఎక్కడిదని అడగలేదు.
ఆయన భార్యదీ గాయానే.